అల వేరు, ఉప్పెన వేరు: సముద్రపు వార్తల్లో ఆంగ్ల పదాలు

సంపాదకులకు,

అయ్యా,

తుపాను వచ్చినప్పుడు, సముద్ర స్నానానికి వెళ్లినవారు గల్లంతైనప్పుడు, జలాశయాలు నిండినప్పుడు మన పత్రికల్లో కొన్ని ఆంగ్ల పదాలు తప్పకుండా కనిపిస్తాయి. కరెంట్, టైడ్, వేవ్, స్వెల్, సర్జ్, క్యూసెక్ అటువంటివి. క్యూసెక్కును మినహాయిస్తే ఇవన్నీ ఆంగ్లం మాట్లాడేవారి ఇళ్లలో రోజూ వినిపించే మామూలు మాటలే. అయితే వాతావరణ శాఖ గాని, హైదరాబాదులో ఉండి దేశం మొత్తానికీ సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ గాని వాటిని తమ ప్రకటనల్లో వాడినప్పుడు ఒక్కొక్క దానికి నిర్దిష్టమైన అర్థం ఉంటుంది. ఆ ప్రకటన తెలుగు వార్తగా మారేసరికి సర్జ్ అయినా, స్వెల్ అయినా, రిప్ కరెంట్ అయినా అన్నీ ‘అలలు’ అయిపోతున్నాయి. ప్రాణాలకు సంబంధించిన సమాచారం ఆ ఒక్క మాట కింద మరుగున పడుతోందన్న ఆందోళనతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా సర్జ్ సంగతి. తీరం దాటబోయే తుపాను గురించి వాతావరణ శాఖ ఇచ్చే ఆంగ్ల ప్రకటనలో, ఆస్ట్రనామికల్ టైడ్‌కు పైన ఇన్ని మీటర్ల స్టార్మ్ సర్జ్ వచ్చి లోతట్టు ప్రాంతాలను ముంచవచ్చు అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. మరునాడు మనం చదివేది మాత్రం ‘రెండు మీటర్ల ఎత్తున అలలు ఎగసిపడే అవకాశం’ అని. తీరంలో పుట్టి పెరిగిన మనిషికి రెండు మీటర్ల అల అంటే భయం ఉండదు, అటువంటివి అతడు ఏటా చూస్తూనే ఉంటాడు. అల కొన్ని సెకన్లలో విరిగి వెనక్కి పోతుంది. సర్జ్ అలా పోదు. తుపాను గాలి సముద్రపు నీటిని ఒడ్డు వైపు నెట్టి పోగు చేయడం వల్ల, దానికి తోడు తుపాను కేంద్రంలో గాలి పీడనం తగ్గడం వల్ల సముద్ర మట్టమే మొత్తంగా పైకి లేచి, గంటల తరబడి అలాగే నిలిచి, ఊళ్ల మీదికి నడిచి వస్తుంది. మామూలు అలలు దాని పైన మళ్లీ వేరుగా ఉంటాయి. పీడనం ఒక మిల్లీబారు పడిపోతే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది కనుక ఆ లెక్కన లేచేది తక్కువే, అసలు భారమంతా గాలిదీ, సముద్రపు లోతుదీ. కృష్ణా ముఖద్వారం నుంచి మచిలీపట్నం దాకా తీరం వెంబడి సముద్రం ఎక్కువ దూరం లోతు లేకుండా ఉంటుంది కాబట్టి అక్కడ నీరు ఎక్కువగా పోగుపడుతుంది. 1864లో మచిలీపట్నంలో సుమారు ముప్పై వేల మందిని పొట్టనబెట్టుకున్నదీ, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చిపెట్టినదీ ఇదే.

దీనికి మనవారు ఎప్పుడో ఉప్పెన అని పేరు పెట్టుకున్నారు. దివిసీమ, బందరు ప్రాంతాల్లో ఆ మాట వింటే ఇప్పటికీ పెద్దవారు లేచి కూర్చుంటారు. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పది వేల మంది చనిపోయిన 1977 నాటి దుర్ఘటనను ఉప్పెన అనే రాసే పత్రికలు, రేపు రాబోయే అదే ప్రమాదాన్ని అలలు అని ఎందుకు రాస్తున్నాయో నాకు బోధపడదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ ప్రకటనలోని ఆస్ట్రనామికల్ టైడ్ అంటే చంద్ర, సూర్యుల ఆకర్షణ వల్ల ఆ వేళకు ఎలాగూ ఉండవలసిన నీటిమట్టం. ఉప్పెన ఎత్తును దాని పైనుంచి కొలుస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నమోదైన 1.4 మీటర్లు కూడా అలా కొలిచినదే. అంటే ఉప్పెన పోటు వేళకు, అంటే సముద్రం పొంగే వేళకు వచ్చిందా, పాటు వేళకు, అంటే నీరు వెనక్కి తీసే వేళకు వచ్చిందా అన్నదాన్ని బట్టి ఇంట్లోకి నీరు మోకాలి దాకా వస్తుందా, రొమ్ముల దాకా వస్తుందా అన్నది తేలుతుంది. వార్తలో ‘పైన’ అన్న ఆ చిన్న మాట పోతే ఈ సంగతి మొత్తం పోయినట్టే.

స్వెల్ విషయంలో పొరపాటు వేరే రకంగా జరుగుతోంది. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో రేగిన తుపానులకు పుట్టిన పొడవాటి కెరటాలు కొన్ని రోజుల పాటు వేల కిలోమీటర్లు ప్రయాణించి మన తీరానికి చేరడాన్ని స్వెల్ అంటారు. వాటివల్ల ఒడ్డున నీరు పొంగితే ఇన్‌కాయిస్ దాన్ని స్వెల్ సర్జ్ అని హెచ్చరిస్తుంది. కేరళలో దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అన్నమాట. ఆకాశం నిర్మలంగా ఉండి, ఆకు కూడా కదలని రోజున వస్తుంది కనుకనే ఆ పేరు. దీన్ని కూడా మనం ‘అలల ఉద్ధృతి’ అని రాసి ఊరుకుంటే, గాలి లేని రోజున చదువరి ఆ హెచ్చరికను నమ్మడు, ఒడ్డుకు లాగిన పడవను ఇంకొంచెం పైకి లాగి కట్టుకోడు.

అన్నింటికంటె ఎక్కువగా చెప్పవలసింది రిప్ కరెంట్ గురించి. విశాఖ రామకృష్ణా బీచ్, యారాడ, బాపట్ల దగ్గరి సూర్యలంక, బందరు దగ్గరి మంగినపూడి, ఎక్కడ ప్రమాదం జరిగినా వార్తలో వాక్యం ఒక్కటే: ‘రాకాసి అల వచ్చి లోపలికి లాక్కెళ్లింది.’ విరిగిన కెరటం మనిషిని ఒడ్డు వైపే తోస్తుంది. తిరిగి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాగేది, ఆంగ్లంలో అండర్‌టో అనేది, తరువాతి కెరటం వచ్చే దాకానే ఉంటుంది. మనిషిని దూరంగా తీసుకుపోయేది ఈ రెండూ కావు. కెరటాలు మోసుకొచ్చిన నీరంతా ఒడ్డున పోగుపడి, తిరిగి సముద్రంలోకి పోవడానికి ఇసుక మేటల మధ్య లోతుగా ఉన్న సందు వెతుక్కుని, సన్నని పాయగా వేగంగా పారుతుంది. ఆ పాయ పేరు రిప్ కరెంట్. సాధారణంగా దాని వేగం సెకనుకు ఒకటి రెండు అడుగులే ఉంటుంది, కాని ఎనిమిది అడుగుల దాకా కొలిచిన సందర్భాలు ఉన్నాయి. ఒలింపిక్ పోటీల్లో ఈదేవారి వేగం కూడా అంతకు మించదు.

బీచ్ రోడ్డు పిట్టగోడ దగ్గర నిలబడి కాసేపు నీటిని గమనిస్తే ఇది కంటికే తెలుస్తుంది. ఒడ్డు పొడవునా కెరటాలు విరిగి తెల్లగా నురగలు కడుతుంటాయి. మధ్యలో ఒకచోట కొన్ని గజాల వెడల్పున నురగ తెగిపోయి, నీరు కాస్త ముదురు రంగులోనో, ఇసుక కలిసి గోధుమ రంగులోనో కనబడుతుంది. అక్కడ కెరటం విరగదు, ఎందుకంటే అడుగున లోతు ఉంది. ఒడ్డు దగ్గరి నురగ తునకలు, చెత్తాచెదారం ఆ దారినే మెల్లగా సముద్రం వైపు పోతుంటాయి. పిల్లలతో వచ్చిన కుటుంబాలు సరిగ్గా అక్కడే దిగుతాయి, ఎందుకంటే అక్కడ అలలు లేవు! అలలే ప్రాణం తీస్తాయని పత్రికలో చదివినవారు అలలు లేని చోటు ఎంచుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మన వార్తల్లోని ‘లోపలికి లాగడం’ అన్న మాటతోనూ చిక్కు ఉంది. తెలుగులో లోపలికి అంటే నడిసముద్రం వైపు అనీ అర్థం చేసుకోవచ్చు, నీటి అడుగుకు అనీ అర్థం చేసుకోవచ్చు. రిప్ కరెంట్ మనిషిని అడుగుకు లాగదు, ఒడ్డు నుంచి దూరంగా తీసుకుపోతుంది, కెరటాలు విరిగే వరుస దాటగానే చాలావరకు నీరసించిపోతుంది. అడుగుకు లాగుతోందనుకున్నవాడు భయంతో ఒడ్డుకు అభిముఖంగా ప్రవాహానికి ఎదురీది, అలసిపోయి మునిగిపోతాడు. దూరంగా తీసుకుపోతోందని తెలిసినవాడు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వేయవచ్చు, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం పక్కకు ఈది, ఆ పాయ నుంచి బయటపడి, కెరటాలు విరిగే చోటు నుంచి తిరిగి రావచ్చు. అయితే మన బీచ్‌లకు వచ్చేవారిలో చాలామందికి ఈత రాదు, నడుము లోతు నీటిలో చీరలతో, ప్యాంట్లతో నిలబడినవారికి ఈ సలహా అక్కరకు రావడం కష్టం. వారికి కావలసినది ఒక్కటే, నురగ తెగిన చోట దిగవద్దని ముందే తెలియడం. కొట్టుకుపోతున్నవారి కోసం వెనకే దూకి ప్రాణాలు పోగొట్టుకునే బంధుమిత్రుల కథనాలూ ప్రతి ఏడాదీ చదువుతున్నాం, దూకే ముందు తేలే వస్తువు ఏదైనా విసరమని ఆ కథనాల పక్కనే రాయడానికి నాలుగు పంక్తుల చోటు చాలు.

కొందరు దీన్ని రిప్ టైడ్ అని కూడా రాస్తున్నారు. ఆంగ్లేయులూ ఆ పొరపాటు చేస్తారు కాని, టైడ్‌కు దీనితో సంబంధం లేదు. టైడ్ అంటే పోటుపాట్లు. మన తూర్పు తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు, ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లోనూ ఇవి పెద్దవిగా ఉంటాయి. ఆంగ్లంలో వీటిని స్ప్రింగ్ టైడ్ అంటారు, వసంత రుతువుతో పని లేదు. విశాఖలో పోటుకూ పాటుకూ తేడా రెండు మీటర్లకు లోపే, గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల వరకు పోతుంది. మనది చిన్న తేడాయే కదా అనుకోవడానికి లేదు, కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి లక్షల మంది సముద్ర స్నానానికి దిగేది సరిగ్గా ఆ పెద్ద పోటుపాట్ల రోజుల్లోనే. పాటు తీసే వేళ చాలాచోట్ల రిప్ కరెంట్ల జోరు పెరుగుతుంది.

కరెంట్ అన్న మాట తెలుగువారికి తీగల్లోనే పారుతుంది కనుక దాన్ని ప్రవాహం అని రాయడమే మేలు. అలా రాసినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గాలికి అది వచ్చే దిక్కును బట్టి పేరు పెడతారు, ప్రవాహానికి అది వెళ్లే దిక్కును బట్టి పెడతారు. పడమటి గాలి పడమర నుంచి వస్తుంది, ఆంగ్ల ప్రకటనలోని వెస్టర్లీ కరెంట్ పడమర వైపు పోతుంది. మన తీరం వెంబడి పారే ప్రవాహం వేసవికి ముందు ఉత్తరానికీ, అక్టోబరు నుంచి దక్షిణానికీ దిశ మార్చుకుంటుంది కనుక, వేటకు పోయేవారికి ఈ తేడా ఆషామాషీ సంగతి కాదు.

నదుల మాటల్లో ఇంత ప్రమాదం లేదు, గందరగోళం మాత్రం ఉంది. క్యూసెక్ సెకనుకు ఎంత నీరు పారుతోందో చెప్పే కొలత, సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్లకు కాస్త ఎక్కువ. టీఎంసీ నిల్వకు కొలత, వంద కోట్ల ఘనపుటడుగులు. జలాశయంలో ఇన్ని క్యూసెక్కులు ఉన్నాయని రాయడం కుదరదు. 11,574 క్యూసెక్కులు ఇరవై నాలుగు గంటలు పారితే ఒక టీఎంసీ అవుతుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర గరిష్ఠంగా నమోదైన 11.43 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారి ఉంటే 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం రెండుసార్లు నిండి ఇంకా మిగిలేది. ఈ లెక్క ఒకసారి వేసి చూపితే పాఠకుడికి అంకె కంటికి కనబడుతుంది.

మీ పత్రికకు నా విన్నపం ఇది. తుపాను వార్తల్లో స్టార్మ్ సర్జ్‌ను ఉప్పెన అని రాసి, ఆ ఎత్తు ఆ వేళకు ఉండవలసిన పోటుపాట్ల మట్టానికి పైన అని తప్పక చేర్చండి. బీచ్ ప్రమాదాల వార్తల్లో రిప్ కరెంట్ పేరును అలాగే ఉంచండి, ఎందుకంటే దానికి స్థిరపడిన తెలుగు మాట ఇంకా లేదు, కాని పక్కనే ఒక వాక్యంలో అదేమిటో చెప్పండి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాట్ల పట్టికలు ప్రచురిస్తుంది. సూర్యోదయ, సూర్యాస్తమయాలు వేసే గడిలోనే విశాఖ, కాకినాడ, మచిలీపట్నాల పోటు వేళలు కూడా జిల్లా ఎడిషన్లలో వేయవచ్చు. కార్తీక మాసంలోనైనా మొదలుపెట్టగలరని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం