దవాఖాన ప్లాన్ గీసేటప్పుడు నర్సులను కూడా కూర్చోబెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పదేళ్లలో దవాఖానల రూపే మారిపోయింది. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలకు 2022లో, గద్వాల, నారాయణపేటలకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాలేజీ వచ్చిన ప్రతిచోటా దవాఖాన పెద్దది కావాల్సిందే, కొత్త బ్లాకులు లేవాల్సిందే. కాన్పు కష్టమైతే రాత్రికి రాత్రి హైదరాబాద్‌కు పరుగెత్తిన మనకు ఇది ఎంతో సంతోషం. అయితే ఈ భవనాల గురించి ఎవరు మాట్లాడినా ఎన్ని పడకలు, ఎన్ని కోట్లు, ఎన్ని అంతస్తులు అనే మాటే వినిపిస్తోంది. వార్డులో గాలి ఎటు నుంచి ఎటు పోతుంది, చేతులు కడుక్కునే బేసిన్ ఎక్కడుంది, దగ్గుతో వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు అని అడిగేవాళ్లు లేరు. సర్కారు దవాఖానల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఆ ప్రశ్నలు నేను అడుగుతున్నాను.

నేను పనిచేసిన ఒకచోట ఓపీ అంటే పొడవాటి ఇరుకు నడవా. రెండు వైపులా గదులు, ఒక చివర లిఫ్టు, ఇంకో చివర ఎప్పుడూ తాళం వేసి ఉండే గ్రిల్. కిటికీ అన్నదే లేదు. ఉదయం పది దాటేసరికి గర్భిణులు, చంటిపిల్లల తల్లులు, షుగర్ పరీక్షకు వచ్చిన ముసలివాళ్లు, వారాల తరబడి తగ్గని దగ్గుతో వచ్చిన కూలీలు అందరూ అవే బెంచీల మీద ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చునేవాళ్లు. తెమడ పరీక్ష రిజల్టు వచ్చి ఒకాయనకు టీబీ అని తేలేసరికి, ఆయన అప్పటికే అక్కడ ఎన్ని పూటలు గడిపి ఉంటాడో, పక్కన ఎవరెవరు కూర్చుని ఉంటారో ఎవరికి తెలుసు? టీబీ క్రిమి ఉన్న తుంపరలు ఆరిపోయి, కంటికి కనిపించనంత సన్నగా మారి గాలిలో గంటల తరబడి తేలుతుంటాయి. మనిషి లేచి వెళ్లిపోయినా అవి అక్కడే ఉంటాయి. నేలను ఎంత ఫినాయిల్‌తో తుడిచినా అవి పోవు. బయటి గాలి వచ్చి వాటిని తోసుకుపోవాలి.

పాత కాలపు దవాఖానలకు ఎత్తయిన పైకప్పులు, నిలువెత్తు కిటికీలు, చుట్టూ వరండాలు ఉండేవి. వాటిని పాతబడ్డ కట్టడాలని తీసిపారేయకండి. పెరూ దేశంలోని లిమా నగరంలో ఎనిమిది ఆస్పత్రుల గదుల్లో గాలిని కొలిచి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. కిటికీలు, తలుపులు బార్లా తెరిస్తే గదిలోని గాలి గంటకు సుమారు 28 సార్లు మారింది. మెషిన్లతో గాలి పంపే గదుల లెక్క గంటకు 12 సార్లు. 1950కి ముందు కట్టిన గదుల్లోనైతే 40 సార్లు మారగా, కొత్తగా కట్టిన వాటిలో కిటికీలు తెరిచినా 17 సార్లే మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కిటికీల గాలి మీదే ఆధారపడే మామూలు వార్డులో ఒక్కో పేషెంటుకు సెకనుకు 60 లీటర్ల గాలి అందాలి. టీబీలాంటి జబ్బు ఉన్నవాళ్లను ఉంచే గదిలో అది 160 లీటర్లు. మన కొత్త వార్డుల్లో ఈ కొలత ఎవరైనా వేశారా?

మే 12న నర్సుల దినోత్సవం నాడు ఫ్లోరెన్స్ నైటింగేల్ ఫొటోకు దండ వేసి, దీపాలు పట్టుకుని ప్రతిజ్ఞ చేస్తాం. ఆమె పనిచేసిన టర్కీలోని స్కుటారీ సైనిక ఆస్పత్రిలో చావులు బాగా తగ్గింది 1855లో మురుగు కాలువలు బాగుచేసి, లోపలికి గాలి వచ్చేలా చేశాకే. తర్వాత ఏళ్ల తరబడి ఆమె ఆస్పత్రి భవనాల గురించే కొట్లాడింది. వార్డుకు రెండు వైపులా ఎదురెదురుగా కిటికీలు ఉండాలన్నది ఆమె పట్టు. ఒక నర్సు ఇంజినీర్లతో వాదించి భవనాల తీరునే మార్పించింది. మన దగ్గర ఈనాటికీ ప్లాన్ కాగితం నర్సు చేతికి రాదు. భవనం కట్టి, రిబ్బన్ కత్తిరించాక తాళం చెవి మాత్రం వస్తుంది.

కిటికీలు పెట్టించినా మన దగ్గర వాటిని తెరిచి ఉంచడం కష్టమని అంటారు. నిజమే. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. మధ్యాహ్నం వడగాలి కొడుతుంటే బాలింత మంచం పక్కన కిటికీ తెరవమని ఏ సిస్టరూ చెప్పలేదు. సాయంత్రమైతే దోమలు. అందుకే కిటికీలు మూస్తారు, సందుల్లో అట్టముక్కలు కుక్కుతారు, ఊచలకు తడిబట్టలు ఆరేస్తారు. తప్పు పేషెంట్లది కాదు. మన ఎండను, మన దోమలను లెక్కలోకి తీసుకోకుండా కిటికీ పెట్టారు, అంతే. పొడవాటి గోడలు ఉత్తరం, దక్షిణం వైపు వచ్చేలా భవనాన్ని నిలబెడితే పడమటి ఎండ నేరుగా పడదు. కిటికీల మీద లోతైన సజ్జాలు, బయట నీడనిచ్చే వరండా, ప్రతి కిటికీకి విప్పి కడగడానికి వీలయ్యే దోమల జాలీ ఉండాలి. కింది కిటికీలు మూసినా వేడిగాలి పైనుంచి వెళ్లిపోయేలా కప్పు దగ్గర వెంటిలేటర్లు ఉండాలి. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. మన ఊళ్లలో పాత ఇళ్లు కట్టిన మేస్త్రీలకు ఇవన్నీ తెలుసు.

ఏసీ పెడితే సరిపోతుందని అనుకునేవాళ్లకు ఒక మాట. గోడకు తగిలించే మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. గది చల్లగా ఉంటుంది, క్రిములు మాత్రం గదిలోనే ఉంటాయి. ఐసీయూలో, ఆపరేషన్ థియేటర్‌లో ఏసీ తప్పదు. కానీ అక్కడ ఫిల్టర్లు, బయటి గాలి వచ్చే ఏర్పాటు, గాలి ఏ గది నుంచి ఏ గదిలోకి పోవాలన్న లెక్క ముందే తేల్చుకోవాలి. థియేటర్‌లో గాలి లోపలి నుంచి బయటికి తోయాలి. అంటుజబ్బు గదిలో దీనికి రివర్సు, లోపలి గాలి నడవాలోకి రాకూడదు. వార్డులకు మాత్రం కూలర్ నయం. అయితే దాన్ని కిటికీలో బయటి వైపు బిగించి, ఎదుటి కిటికీలు తెరిచి ఉంచాలి, నీళ్లు మారుస్తూ ఉండాలి. వార్డు మధ్యలో పెట్టి తలుపులు మూస్తే ఉక్కపోత, దోమలు తప్ప ఇంకేమీ రాదు.

చేతులు కడుక్కోమని ప్రతి గోడ మీదా పోస్టర్ ఉంటుంది. కడుక్కోవడానికి బేసిన్ ఎక్కడుందో చూడండి. నేను చూసిన ఒక సర్జికల్ వార్డులో బేసిన్ వార్డు చివర, బాత్రూం గోడ పక్కన ఉండేది. కుట్లు చీము పట్టిన పేషెంటుకు డ్రెస్సింగ్ చేసి పక్క మంచానికి వెళ్లేముందు ఆ సిస్టర్ అంత దూరం నడిచి, ఒకవేళ నీళ్లు వస్తే కడుక్కుని, మళ్లీ వెనక్కి రావాలి. డ్యూటీలో ఉన్నది ఒక్కతే, అవతల సెలైన్ అయిపోయిందని పిలుపు. శాంతంగా ఆలోచించండి, ఎన్నిసార్లు వెళ్లగలదు? కనీసం పది పడకలకు ఒక బేసిన్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మోచేత్తో తిప్పే కుళాయి కావాలి, పక్కన సబ్బు ఉండాలి. అలాగని ఇంజెక్షన్లు తయారుచేసే బల్ల పక్కనే పెడితే మరో ముప్పు. బేసిన్ గొట్టంలో పెరిగే క్రిములు నీటి చిట్లింతతో మందుల మీద పడతాయి. రెండింటి మధ్య కనీసం ఒక మీటరు దూరమో, అడ్డమో ఉండాలి. ఇలాంటివి ఆ పని చేసేవాళ్లకే తడతాయి.

నేల సంగతి కూడా చిన్నది కాదు. మన ప్రాంతంలో తాండూరు బండలు చవక, గట్టివి, కాళ్లకు చల్లగా ఉంటాయి. ఇళ్లకు, నడవాలకు బంగారంలా పనికొస్తాయి. కానీ లేబర్ రూంలో, థియేటర్‌లో బండకూ బండకూ మధ్య సందు ఉంటే నెత్తురు, నీళ్లు అందులో దిగుతాయి. ఎంత రుద్దినా పోవు. అక్కడ సందుల్లేని నేల, నేలా గోడా కలిసేచోట మూల లేకుండా వంపు ఉండాలి. మురుగు గొట్టాలదీ ఇదే సంగతి. 2003లో హాంకాంగ్‌లోని ఒక నివాస సముదాయంలో 300 మందికి పైగా సార్స్ అనే ఊపిరితిత్తుల అంటుజబ్బు వచ్చింది. బాత్రూం నేలలోని జాలీల కింద గొట్టంలో గాలిని అడ్డుకునే నీళ్లు ఎండిపోవడంతో గొట్టాల్లోని గాలి ఇళ్లలోకి రావడమే ప్రధాన కారణమని అప్పుడు తేల్చారు.

మంచానికీ మంచానికీ మధ్య కనీసం ఒక మీటరు ఎడం, ఒక్కో మంచానికి ఒక్కరే పేషెంటు. ఇది పాటించాలంటే పేషెంటు వెంట వచ్చినవాళ్లకు చోటు చూపాలి. అచ్చంపేట నుంచో కొండమల్లేపల్లి నుంచో వచ్చిన తల్లి రాత్రికి ఎక్కడ పడుకోవాలి? ఆమె మంచం కింద చాప వేసుకుంటుంది, అక్కడే సద్ది విప్పుతుంది. ఆమెను కసిరితే లాభం లేదు. ఆవరణలోనే బాత్రూంలు, వంటకు చోటు ఉన్న విశ్రాంతి షెడ్డు కట్టాలి. ఆ షెడ్డును దాతల పుణ్యానికి వదలకుండా అంటురోగాల నివారణలో భాగంగా చూసి ఎస్టిమేట్‌లోనే చేర్చాలి.

డబ్బుంటే అన్నీ సర్దుకుంటాయన్నదీ నిజం కాదు. 2015లో దక్షిణ కొరియాలోని సియోల్‌లో ఎంతో పేరున్న పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీలో మెర్స్ అనే ఊపిరితిత్తుల అంటుజబ్బున్న ఒకే ఒక్క పేషెంటు నుంచి 80 మందికి పైగా అంటుకుంది. పేషెంట్లు, బంధువులు, సిబ్బంది కిక్కిరిసి ఉండడమే కారణం. మన దగ్గర ఖాళీ స్థలానికి కొదవ లేదు. దగ్గుతో వచ్చినవాళ్లను గేటు దగ్గరే అడిగి గుర్తించి, నాలుగు వైపులా తెరిచిన నీడలో వేరుగా కూర్చోబెట్టి, ముందుగా చూసి పంపించవచ్చు. గాలి ద్వారా వ్యాపించే జబ్బుల గురించి కేంద్ర ఆరోగ్య శాఖ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఈ మాట ఉంది.

కట్టేది రోడ్లు భవనాల శాఖ అయినా, వైద్య సేవల మౌలిక సదుపాయాల సంస్థ అయినా, ఉమ్మడి జిల్లాల కలెక్టర్లకు నా మనవి ఇది. టెండరు పిలవడానికి ముందే ప్లాన్‌ను దవాఖాన ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ముందు పెట్టండి. అందులో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, లేబర్ రూం సిస్టర్, శానిటేషన్ సూపర్‌వైజర్ ఉండేలా చూడండి. వాళ్లు చెప్పింది రాతపూర్వకంగా తీసుకుని, వాళ్ల సంతకం లేనిదే ప్లాన్ ఖాయం చేయకండి. భవనం పూర్తయ్యాక వరండాలకు అల్యూమినియం తలుపులు బిగించి స్టోరు రూములుగా మార్చడం ఆపించండి. ఇప్పుడున్న భవనాల్లో తాళం వేసిన గ్రిల్స్ తీయించడానికి, జాలీలు బిగించడానికి, బేసిన్లు పెంచడానికి హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ నిధులు ఈ ఎండాకాలం రాకముందే విడుదల చేయించండి.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, నల్లగొండ