పెదవులు కలిసే చోట

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ప్రియ నేస్తం,

నెయ్యి ప్రకటనకు తెలుగు మాటలు రాస్తున్నానని పోయిన ఉత్తరంలో చెప్పాను కదా. నాలుగు రోజులు ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయానురా. ఆ కథ నీకు చెప్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

ముప్పై సెకన్ల చిత్రం, ముంబయిలో హిందీలో తీశారు. అలిగి కూర్చున్న పిల్లవాడి ముందు తల్లి వేడి కిచిడీ పెట్టి, నెయ్యి వేసి, ‘బస్, ఏక్ బార్ చఖ్ లో’ అంటుంది. తెలుగు కూడా వాళ్లే రాయించి పంపారు: ‘కేవలం, ఒకసారి రుచి చూసుకోండి.’ చదవగానే ఒళ్లు మండింది. కన్నకొడుకును బుజ్జగిస్తూ ఏ తల్లి అయినా ‘చూసుకోండి’ అంటుందా? అన్నం పెట్టేచోట ‘కేవలం’ అన్న మాట ఎప్పుడైనా విన్నావా?

సరే, నేనే రాద్దామని కూర్చుంటే ఆమె పెదవులు ఒప్పుకోవు. ప, బ, మ లాంటి అక్షరాలకు పెదవులు మూసుకుంటాయి. తెరమీద ‘బస్’ దగ్గర ఒకసారి, ‘బార్’ దగ్గర ఇంకోసారి మూసుకున్నాయి. మన మాటలోనూ సరిగ్గా అక్కడే అలాంటి అక్షరం పడాలి, లేకపోతే నోరు ఒకటి చెప్తే చెవికి ఇంకొకటి వినిపిస్తుంది. పైగా మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. ‘బస్’ అని వాళ్లకు తెగే చోట మనకు ఇంకో అక్షరం సాగుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఆ వాక్యానికి దక్కింది 50 ఫ్రేములు.

ఒక దశలో ఫెవికాల్ బస్సు మీద అసూయ పుట్టింది. 2002 నాటి ఆ ప్రకటన గుర్తుందా? బస్సు నిండా, పైనా, పక్కలా మనుషులు. ఎంత కుదుపుకైనా ఒక్కరూ జారరు. మాటే అక్కరలేదు. 2009 ఐపీఎల్ రోజుల్లో వచ్చిన వొడాఫోన్ జూజూలూ అంతే. బొమ్మలనుకున్నాం గానీ ఆ తెల్లటి దుస్తుల్లో ఉన్నది మనుషులే. వాళ్ల భాష ఎవరికీ రాదు, అందరికీ అర్థమైంది. కానీ అన్నం పెట్టే తల్లిని మూగగా ఎలా ఉంచుతాం?

గురువారం సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎదుట కూర్చున్నాను. పక్కనే ఒకావిడ డబ్బాలో పులిహోర తెచ్చి, పరుగులు తీస్తున్న పిల్లవాణ్ని పట్టుకుని ‘ఇదొక్క ముద్ద, మా నాన్న కదూ’ అంటోంది. ముద్ద! ఆ మాట నా నోట్లోనే ఉండి కూడా నాలుగు రోజులు అందలేదు. అక్కడే కాగితం తీసి రాసుకున్నాను: ‘మరి, ఒక ముద్ద తిను.’ ‘బస్’ మీద ‘మరి’, ‘బార్’ మీద ‘ముద్ద’. చివర ‘లో’కు పెదవులు గుండ్రమైనట్టే ‘తిను’కూ అవుతాయి. మర్నాడు స్టూడియోలో డబ్బింగ్ చెప్పే అమ్మాయి తెర చూస్తూ ఒక్కసారి పలికితే అతికినట్టు కూర్చుంది. ఆమే చప్పట్లు కొట్టింది.

ఇంతా చేస్తే నిన్న ముంబయి నుంచి కబురు: ‘ముద్ద’ పల్లెటూరి మాటలా ఉందట, ‘రుచి’ ఉండాల్సిందేనట. నేను ఒప్పుకోలేదు. పట్నంలో పిల్లలు ముద్దలు తినకుండానే పెరుగుతున్నారా అని జవాబు రాశాను.

మీ కరీంనగర్‌లో దాన్ని ‘బుక్క’ అంటారు కదా? ‘బు’కూ పెదవులు మూసుకుంటాయి! అమ్మగారికి ఈ వాక్యం రెండు రకాలుగానూ చదివి వినిపించి, ఆవిడ ఏమన్నారో వెంటనే రాయి. మంగళవారం మళ్లీ వాళ్లతో మాట్లాడాలి.

నీ నేస్తం