కొట్టుగదినీ పట్టించుకుందాం

సంపాదకుల వారికి నమస్కారాలు.

పండుగ ముందు ఇల్లంతా రంగులు వేయించే మనం కొట్టుగదికి మాత్రం తలుపు మూసి ఊరుకుంటున్నాం. ఈ వేసవిలో మా పాతింటి కొట్టుగదిని నేనూ మా అమ్మాయీ స్వయంగా బాగు చేసుకున్నాం. చెమ్మ పట్టిన గోడ మీద ఆయిల్ పెయింటు వేస్తే లోపలి తేమ బయటికి రాలేక పొక్కులు లేచి రాలిపోతుంది కనుక, ముందు పైపు కారుడు ఆపించి, పెచ్చులు గీకి, గుంటలు పూడ్చి, ఆ తరువాతే సున్నం వేశాం. రాత్రంతా నాననిచ్చిన సున్నంలో తుమ్మబంక, చిటికెడు నీలిమందు కలిపి, గుడ్డతో వడకట్టి, గోడను తడిపి పలుచగా మూడు పూతలు వేశాం. సున్నంలోని క్షారం బూజును అంత తేలికగా పెరగనివ్వదు. అయితే పొడి సున్నం నీళ్లలో పడగానే కుతకుతలాడుతుంది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

కడప బండల అలమరలో ఊరగాయ జాడీలు సర్ది, చింతపండుతో తోమిన మా అమ్మమ్మ గంగాళాన్ని మూలన నిలిపి, గడపకు పసుపు రాశాం. అనుభవజ్ఞులైన తాపీ మేస్త్రీల చేత ఇటువంటి పనుల వివరాలను మీ ఆదివారం సంచికలో రాయించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తెనాలి