స్కేట్‌బోర్డు నేర్చుకునే పిల్లలకు కాస్త నున్నటి నేల ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

విజయవాడ నగరపాలక సంస్థ పార్కుల్లో ఒక మూల 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పున నున్నటి కాంక్రీటు నేల వేయించి, స్కేట్‌బోర్డు (కింద నాలుగు చిన్న చక్రాలుండే చెక్క) కొత్తగా నేర్చుకునే పిల్లలకు కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ర్యాంపులు, లోతైన గుంతలు, ఇనుప పట్టీలు ఉండే పెద్ద స్కేట్‌పార్కు అడగడం లేదు. అది తర్వాతి సంగతి. బోర్డు మీద నిలబడటమే ఇంకా రాని పిల్లకు ర్యాంపుతో పనేముంది?

మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు సంక్రాంతికి వస్తూ మేనకోడలికి బోర్డు తెచ్చాడు. తెనాలి దగ్గర మా పుట్టింటి ఊళ్లో, ధాన్యం ఎత్తేసిన సిమెంటు కళ్లం మీద ఆ పండగ సెలవుల్లోనే అది కాస్త నిలబడటం నేర్చుకుంది. విజయవాడ తిరిగొచ్చాక దాన్ని ఎక్కడ తొక్కించాలా అన్నదే మాకు టెన్షన్. సెల్లార్‌లో అయితే కార్లకు తగులుతుందని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు వద్దన్నారు. వాళ్లనీ తప్పు పట్టలేం. వీధిలోకి వస్తే తారు లేచిపోయి కంకర తేలింది, దానికి తోడు స్పీడ్ బ్రేకర్లు. నగరంలోనే ఒక స్కేటింగ్ రింకుకు తీసుకెళ్తే, కాళ్లకు కట్టుకునే స్కేట్స్‌కే అనుమతి, బోర్డుతో నేల పాడవుతుందని గేటు దగ్గరే ఆపేశారు. పోనీ పార్కుకు వెళ్దామంటే నడిచే దారంతా ఇంటర్‌లాకింగ్ టైల్సే.

ఈ టైల్స్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, పార్కుల పనులు చూసే ఇంజినీర్లు చదువుతారని ఆశ. మామూలు స్కేట్‌బోర్డు చక్రం అడ్డకొలత 52, 54 మిల్లీమీటర్లే, అంటే రెండంగుళాల పైచిలుకు. యూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేస్తారు, లోపల గాలి ఉండదు. టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు వచ్చినా, శనగబద్దంత రాయి అడ్డొచ్చినా అది టక్కున ఆగిపోతుంది. బోర్డు ఆగుతుంది కానీ పైనున్న మనిషి ఆగదు. మా అమ్మాయి మోకాలు చెక్కుకుపోయింది అలాగే. కొంచెం పెద్దవి, మెత్తటి చక్రాలు వేయిస్తే గరుకు రోడ్డు మీద కొంత నయమే. అయినా బ్యాలెన్స్ ఇంకా కుదరని పిల్లలకు నేల బాగుండక తప్పదు.

దూరం నుంచి చూసేవాళ్లకు ఇది వట్టి అల్లరిగా కనిపించవచ్చు. దగ్గరుండి చూస్తే అందులో ఎంత సాధన ఉందో అర్థమవుతుంది. ముందు ఏ కాలు పెట్టాలో మొదట తేల్చుకోవాలి. ఎడమ కాలు ముందుంచితే రెగ్యులర్ అంటారు, కుడికాలు ముందుంచితే గూఫీ. రెండూ సరైనవే, ఎవరి ఒంటికి ఏది కుదిరితే అది. చక్రాలు కదలకుండా బోర్డును గడ్డి మీద పెట్టి ఎక్కడం, దిగడం, మోకాళ్లు వంచి నిలబడటం అయ్యాక నున్నటి నేల మీదకు రావాలి. అక్కడ ముందుకాలు బోర్డు మీద ఉంచి, వెనక కాలితో నేలను తన్నుతూ సాగాలి. బరువు ముందుకాలి మీద పడాలి. భయంతో ఒళ్లు వెనక్కి వాలిందంటే బోర్డు కాళ్ల కింద నుంచి ముందుకు దూసుకుపోతుంది, పిల్ల వెల్లకిలా పడుతుంది.

కళ్లం మీద మా అమ్మాయి మొదట్లో పాదాల వంకే చూస్తూ, పెదవి కొరుక్కుంటూ, మా తమ్ముడి వేళ్లు తెల్లబడేలా పట్టుకుని నడిపింది. "కింద కాదు కోడలా, ఎదురుగా ఆ కొబ్బరిచెట్టు వైపు చూడు" అన్నాడు వాడు. చూపు పైకి లేచింది, బిగుసుకున్న భుజాలు దిగాయి, పట్టు వదులైంది. కాసేపటికి చెయ్యి కూడా వదిలేసింది. చూపు ఎటుంటే ఒళ్లు అటే పోతుందని వాడు చెప్పింది నాకు అప్పుడు అర్థమైంది. పడటం కూడా నేర్పాలి. పడేటప్పుడు చెయ్యి నిటారుగా నేలకు ఆన్చితే మణికట్టు విరిగే ప్రమాదం ఉంది. మోచేతులు వంచి, భుజం మీదుగా దొర్లాలి. హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు లేకుండా ఎవరూ పిల్లల్ని బోర్డు ఎక్కించవద్దు. బోర్డుకు వేల రూపాయలు పెట్టి, వీటి దగ్గర లెక్కలు చూసుకునే తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇక చోటు సంగతి. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరంలో 1990లో బర్న్‌సైడ్ వంతెన కింద స్కేటర్లు సొంతంగా కాంక్రీటు పోసి పార్కు కట్టుకుంటే, తర్వాత నగర పాలకులు దాన్ని ఆమోదించారు. అలా బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద వేయిస్తే నీడ కూడా ఉంటుంది కదా అని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. రెండు పక్కలా వాహనాలు పోతుంటే, జారిపోయిన బోర్డు వెనక పిల్లలు పరుగెత్తరా? ఘాట్లు ఉన్నాయిగా, పుష్కరాలు మళ్లీ 2028లో కదా అని ఇంకొందరు. అక్కడ మెట్లు, మెట్ల కింద కృష్ణ. నేర్చుకునేవాళ్లకు అది చోటే కాదు.

ప్రహరీ ఉన్న వార్డు పార్కులే దీనికి తగినవి. ఆటోనగర్ షెడ్లలో వేసే ట్రైమిక్స్ ఫ్లోరింగ్ (యంత్రంతో నున్నగా చేసిన కాంక్రీటు నేల) లాంటిది చాలు. వాన నీరు నిలవకుండా కంటికి ఆననంత వాలు ఇస్తే సరి. చుట్టూ నాలుగంగుళాల సిమెంటు గట్టు మాత్రం తప్పకుండా కట్టాలి. పిల్లలు పడగానే బోర్డు తన దారిన తాను పోతుంది, గట్టుకు తగిలి ఆగకపోతే వాకింగ్‌కు వచ్చిన పెద్దవాళ్ల కాళ్లకు తగులుతుంది. ఒక వైపు పట్టుకుని నడవడానికి నడుమెత్తు పైపు పెట్టాలి. వీలైతే పైన రేకుల షెడ్డు, మన ఎండలు తెలిసినవే.

ఇది మన పిల్లల ఆట కాదు అనేవాళ్లకు ఒక్క మాట. టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదటిసారి పెట్టినప్పుడు మహిళల స్ట్రీట్ (మెట్లు, పట్టీల మీద చేసే విన్యాసాలు) విభాగంలో స్వర్ణం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియాకు అప్పటికి 13 ఏళ్లు. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లోనూ స్కేట్‌బోర్డింగ్ ఉంది. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ అనే చిన్న పల్లెలో 2015లో కాంక్రీటు స్కేట్‌పార్కు కట్టారు. బడికి వెళ్లకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలకే మొదటి అవకాశం, ఇవీ అక్కడి నియమాలు. ఆ ఊరి గిరిజన అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాంజింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు మన దేశం తరఫున వెళ్లింది. ఆడపిల్లలకు మొదటి అవకాశం అన్న ఆ నియమం మన దగ్గరా పెట్టాలని నా కోరిక. ఖాళీ చోటు దొరికితే క్రికెట్ బ్యాటుతో మగపిల్లలు ముందే వచ్చేస్తారు, మా అమ్మాయి లాంటివాళ్లు గోడ పక్కన నిలబడి చూస్తుంటారు.

సత్యనారాయణపురం, పటమట, మొగల్రాజపురం, ఎక్కడైనా సరే, ముందు ఒక్క పార్కులో వేసి చూడమని కమిషనర్ గారిని కోరుతున్నాను. వేసవి సెలవులకు ముందే పని పూర్తయితే ఉదయం 6 నుంచి 8 వరకు, సాయంత్రం 5 తర్వాత పిల్లలు వాడుకోగలరు. ఆ వేళల్లో వంతుల వారీగా దగ్గరుండి చూసుకోవడానికి మాలాంటి తల్లిదండ్రులం సిద్ధంగా ఉన్నాం. స్థలం చూపిస్తే వచ్చి, గట్టు ఎక్కడ కట్టాలో, పైపు ఏ ఎత్తున పెట్టాలో ఇంజినీర్లతో మాట్లాడతాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ