ఐదు నుంచి తొమ్మిది దాకా

చిత్తూరు
ఆదివారం

నాయనా,

సోమవారం నుంచి కోడలమ్మాయి మళ్ళీ ఆఫీసుకు పోతోంది. 26 వారాల ప్రసవం సెలవు తీరిపోవడమూ, చిన్నదానికి పాలతో పాటు తిండి మొదలుపెట్టాల్సి రావడమూ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. బిడ్డల్ని చూసుకునే ఆయమ్మ సాయంత్రం ఐదుకు వెళ్ళిపోతుందని, అమ్మాయి ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుందని అన్నావు. అంటే ఐదు నుంచి ఏడు దాకా బిడ్డలిద్దరూ నీ ఒక్కడి చేతిలో ఉంటారు. తొమ్మిదింటి దాకా అలిసిపోయిన ఇద్దరు పెద్దవాళ్ళ చేతిలో ఉంటారు. చిన్నపిల్లలున్న ఇంట్లో రోజంతా జరిగే గొడవలో ఎక్కువ భాగం ఈ నాలుగు గంటల్లోనే జరుగుతుంది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాసి పంపుతున్నా. ఫ్రిజ్ తలుపుకు అతికించుకో.

పెద్దోడు సాయంత్రమయ్యేసరికి మొండికేస్తున్నాడని, దేనికీ కారణం ఉండదని అంటున్నావు. కారణం ఉంటుంది నాయనా. వాడికి మూడున్నరేళ్ళు. మధ్యాహ్నం పన్నెండుకు తిన్న అన్నం నాలుగున్నరకల్లా అరిగిపోతుంది. ఆకలేస్తోందని వాడికి తెలియదు, ఒళ్ళు చికాకుగా ఉందని మాత్రమే తెలుస్తుంది. ఎర్ర గ్లాసు ఇవ్వలేదని ఏడ్చేది అందుకే. నువ్వు ఇంట్లోకి రాగానే చొక్కా మార్చుకోకముందే వాడి చేతిలో ఏదో ఒకటి పెట్టు. అరటిపండు, ఉడికిన గుడ్డు, టమాటా తరుగు కలిపి పప్పులపొడి చల్లిన బొరుగులు, ఏదైనా సరే. బిస్కట్లు వద్దు. తియ్యగా ఉండేసరికి నాలుగైదు తినేస్తాడు, ఏడున్నరకు అన్నం ముందు కూర్చుని మూతి తిప్పుకుంటాడు.

రెండోది మధ్యాహ్నం నిద్ర. ఒకటిన్నరకు పడుకోబెట్టి మూడు, మహా అయితే మూడున్నరకు లేపేయమని ఆయమ్మకు గట్టిగా చెప్పు. వాడు పడుకుంటే ఆమెకు పని తెములుతుంది కాబట్టి ఐదు దాకా లేపదు, అది సహజమే. కానీ ఐదుకు లేచిన బిడ్డ రాత్రి పదకొండు దాకా పడుకోడు, పొద్దున బడికి లేవడు, మర్నాడు మధ్యాహ్నం ఇంకా ఎక్కువ పడుకుంటాడు. ఆ వయసు బిడ్డకు పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర చాలు. మధ్యాహ్నం గంటన్నర పోయినా, రాత్రి తొమ్మిదికి పడుకుని ఆరున్నరకు లేస్తే సరిపోతుంది.

తిన్న తర్వాత ఇద్దరినీ మిద్దె మీదికి తీసుకుపో. పిట్టగోడ వాడి గుండెలకంటే ఎత్తు ఉందో లేదో, ఎక్కడానికి దాని పక్కన కుర్చీ, పూలకుండీ లాంటివి ఏమన్నా ఉన్నాయో ముందు చూడు. చిన్నదాన్ని చంకనేసుకో, వాణ్ణి పరిగెత్తనీ. ఇంటికి పోదాం రా అని పిలిస్తే ఏ బిడ్డా రాడు. తిరుమల కొండమీద మెట్లదారి దీపాలు వెలిగినాక కిందికి పోతామని ఎక్కేముందే చెప్పు. మీ మిద్దె మీద నుంచి బాగా కనబడతాయి కదా. దీపాలు వెలిగిన సంగతి వాడే నీకు చెప్పాలి. రమ్మన్నది నువ్వు కాదు, దీపాలు. మొదటి రెండు మూడు రోజులు ఏడుస్తాడు, అయినా మాట మార్చొద్దు. ఒక్కరోజు ఇంకో ఐదు నిమిషాలని ఊరుకున్నావంటే ఆ తర్వాత దీపాల మాట వాడు లెక్కచెయ్యడు.

కిందికి రాగానే స్నానాలు. బకెట్లో ముందు చన్నీళ్ళు, ఆ తర్వాతే వేణ్ణీళ్ళు పోయాలి. వేణ్ణీళ్ళు ముందు పోసి చన్నీళ్ళకు తిరిగేలోపల బిడ్డ చెయ్యి పెట్టేస్తాడు. వేడి అరచేత్తో కాదు, మోచేత్తో చూడు. అరచెయ్యి మొద్దుబారి ఉంటుంది, మోచేతికి గోరువెచ్చగా తగిలితే బిడ్డ ఒంటికి సరి. స్నానమైన వెంటనే బకెట్ బోర్లించు. చిన్నది పాకడం మొదలుపెట్టిందంటే జానెడు నీళ్ళున్న బకెట్ కూడా ప్రమాదమే, తల బరువుకు ముందుకు పడిన బిడ్డ తనంతట తాను లేవలేదు. సంపు మూతకు తాళం వేయించావా? ట్యాంకరు వచ్చిన రోజు మూత తెరిచి, పైపు తీశాక మూయడం మరిచిపోతారు. ఆ ఒక్క పని ఎవరి మీదా వదలకుండా నువ్వే చూసుకో.

ఇప్పుడు చిన్నదాని తిండి. ఇది కొంచెం వివరంగా రాస్తా.

పుట్టినప్పుడు ఒంట్లో ఉన్న ఇనుము ఆరునెలలకు తరిగిపోతుంది, పాలల్లో ఉండేది చాలదు. తిండి ఆరునెలలకే మొదలుపెట్టమనేది అందుకే. అట్లని పాలు తగ్గించకూడదు, రెండేళ్ళ దాకా ఇవ్వొచ్చు. అమ్మాయి పిండి పెట్టిన పాలు స్టీలు గిన్నెలో మూతపెట్టి, తేదీ, టైము రాసి ఫ్రిజ్‌లో వెనక గోడ దగ్గర పెట్టండి. తలుపు అరల్లో పెడితే తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. అట్లా పెడితే నాలుగు రోజులు నిలుస్తాయి. బయటైతే చల్లటి గదిలో నాలుగు గంటలు ఉంటాయంటారు. తిరపతి ఎండలకు ఆ లెక్క పనికిరాదు, పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. మీగడ పైకి తేలి పాలు విడిపోయినట్టు కనబడితే పారబోయకు, గిన్నెను మెల్లగా తిప్పితే కలిసిపోతాయి. పొయ్యిమీద కాచొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. వేణ్ణీళ్ళ గిన్నెలో ఆ గిన్నె దించితే చాలు. వెచ్చచేసినవి రెండు గంటల్లో తాగించాలి, మిగిలితే పారబోయాలి. తాగించడానికి సీసా అక్కర్లేదు, ఉగ్గుగిన్నె పంపుతున్నా. ముక్కున్న ఆ చిన్న గిన్నెను లోపలి మూలల దాకా తోమొచ్చు, మురికి నిలవదు. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె ముక్కు కింది పెదవి మీద ఆనించి కొంచెం వంచు. పాలు నోట్లో పోయకు, తనే జుర్రుకుంటుంది.

రాగిపిండి నేను పంపే సంచిలో ఉంది. ఇది మొలకెత్తించిన పిండి, అంగడి పిండి మాదిరి కాదు. కిలో రాగులు ఇసుక పోయేదాకా మూడు నాలుగు నీళ్ళు కడిగి, ఒక రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో వదులుగా మూటకట్టాలి. బిగించి కడితే లోపల వేడెక్కి జిగటొచ్చి పులుపు వాసన కొడుతుంది. ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళు చిలకరిస్తే తెల్లటి మొలక కనబడుతుంది. నీడలో రెండు రోజులు ఆరబెట్టి, సన్నసెగ మీద దోరగా వేయించి, మరపట్టించి, పలచటి గుడ్డలో జల్లించాలి. ఎర్రగా వేయిస్తే కమ్మటి వాసన వస్తుంది గానీ మొలక గుణం పోతుంది. మొలకలో పుట్టే గుణం పిండి గట్టిపడకుండా చేస్తుంది. మామూలు రాగిపిండి అరగ్లాసు నీళ్ళకు ఒక టేబుల్ స్పూన్ వేస్తేనే ముద్దవుతుంది, ఈ పిండి రెండు వేసినా జారుగానే ఉంటుంది. అరచేతిలో పట్టేంత చిన్న కడుపులోకి అదే పరిమాణంలో రెండింతల బలం పోతుంది.

కలిపేది ఇట్లా. అరగ్లాసు చన్నీళ్ళలో రెండు టేబుల్ స్పూన్ల పిండి ఉండల్లేకుండా కలిపి, ఆ తర్వాతే పొయ్యిమీద పెట్టు. మరిగే నీళ్ళలో పిండి పోస్తే ఉండ కడుతుంది, పైన ఉడికి లోపల పచ్చిగా ఉంటుంది, బిడ్డ కడుపు ఉబ్బుతుంది. సన్నసెగ మీద ఐదారు నిమిషాలు అడుగంటకుండా తిప్పుతూ ఉండు. రంగు ముదిరి, పచ్చివాసన పోయి, మెరుపొస్తుంది. దించి అర టీస్పూన్ నెయ్యి వెయ్యి. చెంచా వంచితే నీళ్ళలాగా కారిపోకూడదు, జారీ జారనట్టు ఉండాలి. పలచగా చేసి పోస్తే కడుపు నిండుతుంది గానీ బలం రాదు. ఎక్కువ ఇళ్ళల్లో జరిగే తప్పు ఇదే. ఉప్పు, చక్కెర, బెల్లం ఏడాది నిండేదాకా వద్దు. తేనె అసలే వద్దు, ఎవరు నాకించినా ఒప్పుకోకు. ఏడాది లోపు బిడ్డకు దాంట్లో ఉండే క్రిమి వల్ల నరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు.

మొదటి వారం రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి రెండు మూడు టేబుల్ స్పూన్లు చాలు. తొమ్మిదో నెలకు పావులీటరు గిన్నెలో సగం దాకా పోవాలి. కొత్తది ఏది పెట్టినా మూడు రోజులు అదొక్కటే కొత్తగా ఉండాలి. దద్దు లేచినా, విరేచనమైనా దేనివల్లో అప్పుడే తెలుస్తుంది. రాగుల్లో కాల్షియం మెండు, ఇనుము అంత లేదు. అందుకని వారం పది రోజుల్లో మెత్తగా మెదిపిన పప్పన్నం, ఆకుకూర, గుడ్డు మొదలుపెట్టండి. ఆకుకూర మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మిల్లీలీటరు పోయండి. దొడ్డికి నల్లగా వస్తుంది, భయపడొద్దు.

చెంచా పెట్టగానే నాలుకతో బయటికి నెట్టేస్తుంది. ఇష్టం లేక కాదు, చప్పరించడం తప్ప మింగడం ఇంకా రాక. ఒకే రుచి పది పన్నెండుసార్లు పెడితే గానీ అలవాటు కాదు. తల పక్కకు తిప్పేసిందంటే చాలని అర్థం, ఇంకో ముద్ద అని నోరు నొక్కొద్దు. ఫోన్ చూపిస్తూ తినిపించొద్దు. బొమ్మ చూస్తూ మింగే బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు. పెద్దోడికి ఇప్పటికే అలవాటైంది కాబట్టి ఒక్కసారి లాగేయకు, మొదట రాత్రి అన్నం దగ్గర మాన్పించు, వారం తర్వాత సాయంత్రం.

చిన్నదానికి పెట్టేటప్పుడే పెద్దోడికి నీళ్ళు కావాలి, బొమ్మ కావాలి, నీ ఒళ్ళో కూర్చోవాలి. అందుకని దానికి గిన్నె తీయకముందే పది నిమిషాలు వాడి పక్కన నేలమీద కూర్చో. వాడు ఏ ఆట అంటే అది, ఫోన్ పక్క గదిలో పెట్టి. ఆ తర్వాత వాడికొక పని ఇవ్వు. మూతి తుడిచే గుడ్డ తెచ్చేది వాడే, గిన్నె సింకులో పెట్టేది వాడే. అన్నవి నువ్వు, పెద్దవాడివి అని మాత్రం ఊరికే అనకు. ఆ మాట విన్నప్పుడల్లా వాడికి ఒళ్ళోంచి దించేసినట్టుంటుంది.

మన ఇళ్ళల్లో చెనక్కాయలు లేకుండా ఉండవు. పెద్దోడికైనా గింజ గింజగా ఇవ్వొద్దు, ఐదేళ్ళ దాకా పొడి చేసో, మెత్తగా నూరో పెట్టు. పప్పులూ, ద్రాక్షపండ్లూ అంతే. వాడు నేలమీద చల్లినవి చిన్నది ఏరుకుని నోట్లో పెట్టుకుంటుంది. తింటూ దగ్గుతూ ముఖం ఎర్రబడితే వేలు పెట్టి తీయకు, దగ్గనీ, అదే బయటికొస్తుంది. దగ్గు రాక, గొంతు పెగలక, పెదవులు నల్లబడితే మాత్రం ఆలస్యం చేయొద్దు. చిన్నదాన్ని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేట్టు పడుకోబెట్టి, రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు కొట్టు. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము నడుమ రెండు వేళ్ళతో ఐదుసార్లు నొక్కు. మళ్ళీ వీపు మీద. పక్కన ఎవరున్నా 108కి ఫోన్ చెయ్యమను. ఈ ఆదివారమే దిండు మీద ఇద్దరూ చేసి చూసుకోండి.

జ్వరం మందు లెక్క కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల పారాసెటమాల్, ఆరు గంటలకు ఒకసారి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. డ్రాప్స్ ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటాయి. 125 అని రాసుండే సిరప్‌లో 25 మాత్రమే. పెద్దోడి సిరప్ కొలతతో చిన్నదాని డ్రాప్స్ పోస్తే నాలుగింతలు పోతుంది. బిడ్డల బరువులు, డాక్టరు రాసిన మోతాదులు కాగితం మీద రాసి సీసాకే రబ్బరు బ్యాండుతో చుట్టి పెట్టు. దగ్గు, జలుబుతో రొప్పుతున్నట్టుంటే పొట్ట చూసి నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. చిన్నది నిమిషానికి 50 సార్లు, పెద్దోడు 40 సార్లు దాటి ఊపిరి తీస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా రుయా ఆసుపత్రికి తీసుకుపో. విరేచనాలైతే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న ఓఆర్ఎస్ పెద్ద పాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలుపు. పాకెట్‌లో కాస్త తీసి గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ఇంకా చెడు చేస్తుంది.

అమ్మాయి గడపలో అడుగుపెట్టగానే ఇద్దరూ మీద పడతారు. ఆమె కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఒక గ్లాసు నీళ్ళు తాగి, చిన్నదాన్ని ఒళ్ళోకి తీసుకుని పాలిచ్చేదాకా పావుగంట ఇంకెవరూ ఏమీ అడగొద్దు. అన్నం ఏమి వండాలనే మాట కూడా వద్దు, అది ఆమె రాకముందే అయిపోయి ఉండాలి. రోజంతా నిండిన రొమ్ములు సలుపుతుంటాయి నాయనా, ఆ పావుగంట ఆమెకు అవసరం.

ఎనిమిదింటికి దీపాలు తగ్గించు. చీర ఉయ్యాల ఇంక తీసేయండి. బోర్లా తిరిగే బిడ్డ అంచుమీద నుంచి జారుతుంది, పైగా పెద్దోడు అందులో దూరి మెలితిప్పుకుంటే మెడకు చుట్టుకుంటుంది. నేలమీద గట్టి పరుపు వేసి వెల్లకిలా పడుకోబెట్టు. పక్కన దిండ్లు, దుప్పట్లు పెట్టకు. దోమతెర అంచులు పరుపు కిందికి దోపు.

ఇన్ని చేసినా ఒక్కోరోజు ఇద్దరూ ఒకేసారి ఏడుస్తారు, నీకు కోపం నెత్తికెక్కుతుంది. అప్పుడు చెయ్యి ఎత్తకు, చిన్నదాన్ని గట్టిగా కుదిపి ఏడుపు ఆపాలని చూడకు. అట్లా కుదిపితే మెదడులో రక్తనాళాలు తెగుతాయి. పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, పెద్దోణ్ణి కనబడేచోట కూర్చోబెట్టి, నువ్వు గుమ్మం దగ్గర రెండు నిమిషాలు నిలబడు. ఏడ్చినందువల్ల బిడ్డకు ఏమీ కాదు.

సంచి శుక్రవారం బస్సులో మీ చిన్నాన్న తెస్తాడు. పిండి కిలోకు తక్కువే ఉంటుంది, గాలి చొరని డబ్బాలో పోసి నెలలోపల వాడేయండి. అయిపోతుందంటే వారం ముందే చెప్పు, నానబెట్టి మరపట్టించేసరికి నాకు ఐదు రోజులు పడుతుంది.

అమ్మ