తలకు దెబ్బ తగిలితే అర్ధరాత్రి అయినా సీటీ తీయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ప్రభుత్వాసుపత్రుల్లో కొత్త సీటీ స్కాన్ యంత్రాలు పెడుతున్నారన్న వార్త చదివినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. క్యాజువాలిటీలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి, ఆ వార్తలో ఇంకో రెండు సంగతులు కూడా వెతుక్కుంటాను. రాత్రి రెండింటికి ఆ గది తలుపు తీసే టెక్నీషియన్ ఉన్నాడా? తీసిన స్కాన్‌ను ఆ రాత్రే చూసి చెప్పే డాక్టరు ఉన్నారా? తలకు దెబ్బ తగిలినవాళ్ల విషయంలో ఈ రెండూ లేకపోతే యంత్రం ఉన్నా లేనట్టే లెక్క.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెప్పింది. వాళ్లలో హెల్మెట్ లేకుండా పోయినవాళ్లే 50,029 మంది. హెల్మెట్ గురించి అందరూ రాస్తున్నారు, రాయాలి కూడా. నేను రాస్తున్నది దెబ్బ తగిలాక ప్రాణంతో ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చినవాళ్ల గురించి.

తల దెబ్బల్లో పైగాయం చూసి లోపలి సంగతి చెప్పలేం. మాడు చిట్లి చొక్కా అంతా నెత్తురైన కుర్రాడు కుట్లు వేయించుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. కణత దగ్గర బొప్పి మాత్రమే కట్టిన మనిషి తెల్లవారేసరికి పోవచ్చు. కణత దగ్గర ఎముక పలచన. దాని లోపలి వైపు ఆనుకుని ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి అది తెగితే పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. అందరికీ ఇలా ఉండదు గానీ, కొందరు మొదట గంటో రెండు గంటలో బాగానే ఉంటారు. టీ తాగుతారు. ఇంటికి ఫోన్ చేసి ‘ఏం కాలేదు, కంగారు పడకండి’ అంటారు. ఆ తర్వాత తలనొప్పి, వాంతి, మగత. టార్చి వేసి చూస్తే ఒక కంటిపాప పెద్దదై వెలుగుకు కదలదు. అప్పటికే లోపల మెదడు నలిగిపోతోందన్నమాట. ఆ రక్తపు గడ్డను వేళకు తీయించుకుని తమ కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లినవాళ్లను చూశాను. వేళ దాటాక ఆపరేషన్ జరిగినవాళ్లనూ చూశాను.

ఈ రక్తాన్ని పట్టిచ్చేది సీటీ. మామూలు ఎక్స్‌రేలో ఎముక విరిగిన సంగతి తెలిస్తే తెలుస్తుంది, లోపలి రక్తం కనిపించదు. సీటీలో అప్పుడే కారిన రక్తం బూడిద రంగు మెదడు పక్కన తెల్లగా కనిపిస్తుంది. దెబ్బలకు తీసే ఈ స్కాన్‌కు మామూలుగా రంగు మందు ఇంజెక్షన్ అక్కర్లేదు, పరగడుపున ఉండనక్కర్లేదు. బల్ల మీద పడుకోబెట్టాక కొద్ది నిమిషాల పని. బ్రిటన్ ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో లండన్‌లో మొదటి రోగికి స్కాన్ తీసింది 1971 అక్టోబరు 1న. అంతకుముందు గడ్డ ఎక్కడుందో తెలియక, అనుమానం మీద పుర్రెకు రంధ్రాలు పెట్టి వెతికేవాళ్లు. యాభై ఏళ్లు దాటిన సదుపాయం ఇంకా పగటి డ్యూటీకే అందుతుందంటే మనసుకు కష్టంగా ఉంది.

నేను పనిచేసిన చోట చూసింది చెబుతాను. రాత్రి పదకొండు దాటాక 108లో కేసు వస్తుంది. డ్యూటీ డాక్టరు చూసి సీటీ రాస్తారు. టెక్నీషియన్ ఆన్‌కాల్, అంటే ఇంట్లో ఉంటాడు. అతను వచ్చి, ఏసీ వేసి, యంత్రం సిద్ధమయ్యేసరికి గంట పోతుంది. ఈలోగా ఎవరో ‘బయట సెంటర్లో తీయించుకు రండి’ అనేస్తారు. ఇంటివాళ్లు ఆ రాత్రప్పుడు రెండు మూడు వేలు సర్దుకుని, ఒకరు సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని, మెడకు కాలర్ కూడా లేని మనిషిని ఆటోలో తీసుకెళ్తారు. తెచ్చిన ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి, ఫోన్లో ఫొటో తీసి, ఎక్కడో ఉన్న డాక్టరుకు వాట్సాప్ చేస్తాం. పలచటి రక్తపు పొర అలాంటి ఫొటోలో కనిపించకపోవచ్చు. రాసిచ్చే రిపోర్టు మర్నాడు పదింటికి. ఆ టెక్నీషియన్‌ను నేను తప్పు పట్టను. పగలంతా పనిచేసినవాడే రాత్రి కూడా పరుగెత్తుకు రావాలంటే ఎన్నాళ్లు వస్తాడు? మూడు షిఫ్టులకూ మనుషుల్ని వేయాల్సింది పైవాళ్లు.

బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు చూడండి. ప్రమాద లక్షణాలున్న తలదెబ్బ రోగికి అవి గుర్తించిన గంటలోపు సీటీ తీయాలి, తీశాక ఇంకో గంటలోపు ప్రాథమిక రిపోర్టు రాతలో ఇవ్వాలి. మన దగ్గర ప్రతి ఆసుపత్రిలో రాత్రంతా రేడియాలజిస్టును కూర్చోబెట్టలేరని నాకు తెలుసు. కూర్చోబెట్టనక్కర్లేదు కూడా. అసలు చిత్రాలను నేరుగా కంప్యూటర్ ద్వారా పంపితే వేరే ఊళ్లో ఉన్న డాక్టరు చూసి రాసిస్తారు. జిల్లా ఆసుపత్రుల్లో సీటీ, దూరం నుంచి చదివే టెలిరేడియాలజీ రెండూ జాతీయ ఆరోగ్య మిషన్ 2015 నాటి ఉచిత పరీక్షల మార్గదర్శకాల్లోనే ఉన్నాయి.

ఎవరికి తీయాలన్నది కూడా డ్యూటీలో ఉన్న మనిషిని బట్టి, ఇంటివాళ్ల పలుకుబడిని బట్టి మారకూడదు. రోగికి తెలివి ఎంత ఉందో కొలిచే గ్లాస్గో స్కేలు 1974 నుంచి ఉంది. కళ్లు తెరవడం, మాట్లాడటం, కాళ్లూ చేతులూ కదపడం చూసి 3 నుంచి 15 దాకా మార్కులు వేస్తాం. దెబ్బ తగిలిన రెండు గంటలకు కూడా 15 రాకపోతే, రెండు సార్లు వాంతి అయితే, పుర్రె లోపలికి నొక్కుకుపోయినట్టుంటే, చెవిలోంచో ముక్కులోంచో నీరులా కారుతుంటే, వయసు 65 గానీ ఆపైన గానీ ఉంటే స్కాన్ తీయాలని 2001లో వచ్చిన కెనడా నియమం చెబుతుంది. తెలివి తప్పడమో, అయోమయమో, జరిగింది గుర్తులేకపోవడమో ఉన్న పెద్దవాళ్ల కోసం చేసిన నియమం ఇది. ఒక్క కాగితంలో పడుతుంది. తెలుగులో అచ్చువేసి ప్రతి క్యాజువాలిటీ గోడకు అంటిస్తే ఇంటివాళ్లు కూడా చదువుకుని అడుగుతారు.

తాగి ఉన్నవాళ్ల గురించి గట్టిగా చెప్పాలి. ‘తాగున్నాడు, దిగాక పొద్దున చూద్దాం’ అన్న మాటను మించి ప్రమాదకరమైనది క్యాజువాలిటీలో ఇంకోటి లేదు. మాట తడబడటం, వాంతి, మగత మందు వల్లా వస్తాయి, మెదడులో రక్తస్రావం వల్లా వస్తాయి. వాసనను బట్టి తేడా చెప్పగలిగినవాళ్లు లేరు. పైగా అలాంటి మనిషిని చూసి అందరూ విసుక్కుంటారు, వార్డు చివరి మంచం ఇస్తారు. అతనికే ముందు స్కాన్ తీయాలి. కదలకుండా పడుకోడు, చిత్రాలు చెరిగిపోతాయి, కష్టమే. డాక్టరు ఉండి, అవసరమైతే మత్తిచ్చి తీయించాలి.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్న పెద్దవాళ్ల సంగతీ అంతే. గుండెకు స్టెంటో వాల్వో వేయించుకున్న పెద్దాయన బాత్‌రూమ్‌లో జారితే, దెబ్బ చిన్నదే అయినా ఏ మాత్రలు వాడుతున్నారో మొదటే చెప్పండి, చీటీ చూపించండి. పసిపిల్లల్లో మాత్రం తొందరపడకూడదు. మంచం మీంచి పడి, ఏడ్చి, వెంటనే పాలు తాగి ఆడుకుంటున్న బిడ్డకు చాలాసార్లు స్కాన్ కంటే కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండటమే మేలు, రేడియేషన్ పిల్లలకు మరీ మంచిది కాదు. అది డాక్టరు తేల్చాలి. ‘తీయరా?’ అని ఇంటివాళ్లు గొడవపడటమూ తప్పే, అడిగారు కదా అని బిల్లు కోసం తీయడమూ తప్పే.

ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్లు ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే ఉన్నారు. కాబట్టి చాలామందిని రిఫర్ చేయక తప్పదు. రిఫర్ చేసేటప్పుడు స్కాన్ చిత్రాలు రోగితో పాటు వెళ్లాలి, వీలైతే ముందే వెళ్లాలి. ఫిల్ము ఇక్కడే ఉండిపోయిందనో, ఇక్కడి ఫిల్ము అక్కడివాళ్లు ఒప్పుకోరనో మళ్లీ మొదటి నుంచి తీయడం ఎన్నిసార్లు చూశానో. పరిస్థితి మారి డాక్టరు మళ్లీ కావాలంటే అది వేరు. ఫిల్ము మర్చిపోయినందుకు థియేటరుకు వెళ్లాల్సిన మనిషి స్కాన్ గది ముందు ఎదురుచూడటం అన్యాయం.

సీటీ బాగుందని ఇంటికి పంపినవాళ్లకు కూడా ఒక చీటీ ఇవ్వాలి. కుదుపుకు మెదడులోని సన్నటి నరాల పోగులు తెగినా సీటీలో తేలకపోవచ్చు. పెద్దవాళ్లలో కొన్ని వారాల తర్వాత నెమ్మదిగా రక్తం చేరవచ్చు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మాట తడబాటు, లేపినా లేవనంత నిద్ర, ఫిట్స్ కనిపిస్తే వెంటనే వెనక్కి తీసుకురమ్మని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిస్తే చాలు. ‘నార్మల్’ అన్న ఒక్క మాటతో పంపేస్తే ఇంటివాళ్లు మగతను అలసట అనుకుంటారు.

డబ్బు సంగతి కొంత తేలింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా 1.5 లక్షల రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స ఇవ్వాలన్న కేంద్ర పథకం 2025 మే నెలలో అమల్లోకి వచ్చింది. అత్యవసరంలో పోలీసు కాగితాల కోసం ఆగకుండా వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఇక మిగిలింది రాత్రిపూట మనుషులు, రిపోర్టు, గోడ మీద ఆ కాగితం.

మీ పత్రికకు జిల్లాకు ఇంతమంది విలేకరులు ఉన్నారు. ప్రతి జిల్లా, ఏరియా ఆసుపత్రికీ వెళ్లి మూడు ప్రశ్నలు అడిగించండి: సీటీ రాత్రి నడుస్తుందా, టెక్నీషియన్ ఎక్కడ ఉంటాడు, రిపోర్టు ఎంతసేపట్లో ఎవరు ఇస్తారు? వచ్చిన జవాబులను ఆసుపత్రులవారీగా జిల్లా పేజీలో అచ్చువేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
ప్రకాశం జిల్లా