వోల్టేజి పడిపోతే కరెంటు అలాగే ఉండిపోదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ విద్యార్థుల పేజీలో ఓమ్ నియమం మీద వచ్చిన పాఠం చదివాను. సూత్రాల్లో తప్పేమీ లేదు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెండిటినీ గుణిస్తే పవర్, ఇందులో ఎవరికీ పేచీ లేదు. కానీ చివర్లో ‘నిరోధం పెరిగే కొద్దీ వేడి పెరుగుతుంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, దాని గురించే ఈ ఉత్తరం. పగలు వైరింగ్ పని చేస్తూ సాయంత్రాలు హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, ఆ ముక్క పిల్లల్ని ఎంత తికమక పెడుతుందో నాకు బాగా తెలుసు.

230 వోల్టుల మీద 2300 వాట్లు ఇచ్చే హీటరు తీసుకోండి. కరెంటు 10 ఆంపియర్లు, నిరోధం 23 ఓములు, ఇంతవరకూ అందరూ చకచకా చేసేస్తారు. ఇప్పుడు వోల్టేజి 200కి పడిపోయింది, పవర్ ఎంత అని అడగండి. చాలామంది 200ని 10తో గుణించి 2000 అని రాసేస్తారు, లెక్క సరిగ్గానే చేశామన్న ధీమాతో. ఆ 10 ఆంపియర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? హీటరులో ఉన్నది 23 ఓముల తీగ, 200 వోల్టులు పెడితే అందులో 8.7 ఆంపియర్లే పోతుంది, అంటే పవర్ సుమారు 1740 వాట్లు. వోల్టేజి 13 శాతం తగ్గితే పవర్ 24 శాతం తగ్గింది. లో వోల్టేజి ఉన్నప్పుడు నీళ్లు ఎంతకీ కాగకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇక్కడ మారకుండా ఉన్నది ఏది? అది తేలకుండా నిరోధం పెరిగితే వేడి పెరుగుతుందనీ చెప్పలేం, తగ్గుతుందనీ చెప్పలేం. పాతరకం ఫిలమెంట్ బల్బులు రెండు, ఒకటి 100 వాట్లది, ఒకటి 40 వాట్లది తెచ్చి మామూలుగా పక్కపక్కన రెండు హోల్డర్లలో పెడితే 100దే బాగా వెలుగుతుంది. రెండిటికీ అందేది ఒకే వోల్టేజి, నిరోధం తక్కువున్నదే ఎక్కువ లాగుతుంది. అవే బల్బుల్ని ఒకదాని వెనక ఒకటి, సిరీస్‌లో కలపండి, ఈసారి 40దే ఎక్కువ వెలుగుతుంది! రెండిట్లోంచీ పోయేది ఒకే కరెంటు కాబట్టి నిరోధం ఎక్కువున్న దానిదే పైచేయి. పిల్లలు ఇది కళ్లారా చూశాక మళ్లీ తప్పు చేయరు, నేను చాలాసార్లు గమనించాను.

ఈ నియమం కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త ఓమ్‌కి కూడా మొదట ఇదే చిక్కు వచ్చింది. అప్పటి బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండక కొలతలు కుదరక, రాగినీ బిస్మత్ అనే లోహాన్నీ రెండు చోట్ల కలిపి, ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచి స్థిరమైన వోల్టేజి తెచ్చుకున్నాక గానీ నియమం చేతికి అందలేదు. 1827లో పుస్తకంగా వచ్చింది. పాఠంలో ఈ రెండు వాక్యాలూ ఉంటే ఎంత బాగుండేది.

మీ వాక్యం నిజమయ్యే చోటు కూడా ఉంది, అది చాలా ప్రమాదకరమైన చోటు. అదే హీటరు ప్లగ్గు సాకెట్లో వదులుగా ఉండి అక్కడ అర ఓము నిరోధం చేరిందనుకోండి. మొత్తం 23.5 ఓములు, కరెంటు సుమారు 9.8 ఆంపియర్లు. పెద్దగా ఏమీ తగ్గలేదు, హీటరు ఎప్పట్లాగే పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. కానీ కరెంటు వర్గాన్ని అర ఓముతో గుణించి చూస్తే దాదాపు 48 వాట్లు, చిటికెనవేలంత చోటులో! సోల్డరింగ్ చేసే చిన్న ఐరన్ 25 వాట్లే. ప్లగ్గు పిన్ను నల్లబడటం, సాకెట్ ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోవడం, కాలిన వాసన, నేను విప్పి చూసిన చాలా సాకెట్ల కథ ఇదే.

ఇంకో సంగతి. మీటరుతో నిరోధం కొలిచి పవర్ కట్టొచ్చని రాశారు, బల్బు విషయంలో అది కుదరదు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు నా మీటరు 64 ఓములు చూపించింది, ఆ లెక్కన సుమారు 827 వాట్లు రావాలి. వెలుగుతున్నప్పుడు తీగ మహా వేడెక్కి నిరోధం సుమారు 880 ఓములకు చేరుతుంది, అప్పుడే 60 వాట్లు. అలాగే ఫ్యాను, మోటారులాంటి వాటికి వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేది వోల్ట్ ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే అందులో నిజంగా ఖర్చయ్యే వంతుతో, కూడా గుణిస్తేనే వాట్లు.

మనం కరెంటు పోయింది అంటాం, కరెంటు బిల్లు అంటాం, కరెంటు తక్కువగా వస్తోంది అంటాం. మొదటిది సరఫరా, రెండోది యూనిట్లు, మూడోది వోల్టేజి. అన్నిటికీ ఒకే మాట విని పెరిగిన పిల్లలకు ఆంపియర్లలో కొలిచే కరెంటు వేరని విడమరిచి చెప్పాల్సిందే.

దయచేసి వచ్చే వారం ఆ వాక్యాన్ని సవరించి వేయండి: ‘కరెంటు మారకపోతే నిరోధంతో పాటు వేడి పెరుగుతుంది, వోల్టేజి మారకపోతే తగ్గుతుంది.’ పక్కన ఆ రెండు బల్బుల బొమ్మ కూడా వేస్తే ఇంకా సంతోషం.

ఇట్లు,
మీ పాఠకుడు